జిదాన్‌కు తిరిగే చోటు ఇవ్వని మిడ్‌ఫీల్డర్
ఆటల పేజీ – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాపోలీలో స్కాట్ మెక్‌టామినే ఆట చూశాక స్కాట్లాండ్ ఫుట్‌బాల్ మీద ఆసక్తి పుట్టింది. ఆయనకు ముందు బ్రిటన్ దాటి వెళ్లి ఇంత పేరు తెచ్చుకున్న స్కాట్లాండ్ మిడ్‌ఫీల్డర్ ఇంకెవరైనా ఉన్నారా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మెక్‌టామినే సాధించింది చిన్న విషయం కాదు. 2024 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ వదిలి నాపోలీకి వెళ్లాడు. మొదటి సీజన్‌లోనే 12 లీగ్ గోల్స్ కొట్టాడు. చివరి రోజు కాలియారీ మీద గాలిలోకి లేచి కొట్టిన గోలుతో నాపోలీ ఇటలీ చాంపియన్‌గా నిలిచింది. ఆ ఏడాది ఇటలీ లీగ్‌లో ఉత్తమ ఆటగాడి పురస్కారం కూడా ఆయనకే దక్కింది.

ఆయనకు ముందు ఎవరంటే చాలామంది గ్రేమ్ సూనెస్ పేరు చెబుతారు. న్యాయమే. లివర్‌పూల్‌తో మూడు యూరోపియన్ కప్పులు గెలిచి, 1984లో ఇటలీలోని సాంప్‌డోరియాకు వెళ్లి, మరుసటి ఏడాదే ఆ జట్టుతో ఇటాలియన్ కప్పు అందుకున్నాడు. అయితే సూనెస్ వెళ్లేటప్పటికే ప్రపంచమంతా తెలిసినవాడు. అలాంటివాడిని ఏ క్లబ్బయినా పిలుచుకుంటుంది.

నన్ను అడిగితే ముందు పాల్ లాంబర్ట్ పేరు చెబుతాను. ఎవరూ పిలవకుండా వెళ్లాడు. తనను తాను పరీక్షకు పెట్టుకుని చోటు సంపాదించుకున్నాడు. ఏడాది తిరక్కుండా ఐరోపాలో అతి పెద్ద క్లబ్ కప్పును అందుకున్నాడు. 1992లో యూరోపియన్ కప్పు చాంపియన్స్ లీగ్‌గా మారాక దాన్ని గెలిచిన మొదటి బ్రిటిష్ ఆటగాడు ఆయనే. అదీ బొరుసియా డార్ట్‌మండ్ అనే జర్మన్ క్లబ్బు తరఫున. ఈ మాట చెబితే ఫుట్‌బాల్ బాగా తెలిసినవాళ్లలో కూడా కొందరు నమ్మరు. ఈ వారం జవాబులన్నీ ఆయన చుట్టూనే తిరగడానికి అదే కారణం. లాంబర్ట్ గురించే మరికొందరు పాఠకులు కూడా రాశారు.

ప్రశ్న: లాంబర్ట్ స్కాట్లాండ్‌లో పెద్దగా పేరులేని మదర్‌వెల్ క్లబ్బు నుంచి నేరుగా బొరుసియా డార్ట్‌మండ్‌కు ఎలా వెళ్లగలిగాడు? ఎంత డబ్బు పెట్టి కొన్నారు?
– బ్యాంకు ఉద్యోగి

జవాబు: ఒక్క పౌండు కూడా పెట్టలేదు. కథ అంతా అక్కడే ఉంది.

ముందు మనిషి గురించి కొంచెం. 1969 ఆగస్టు 7న పుట్టిన లాంబర్ట్ పెరిగింది గ్లాస్గోకు పడమర ఉన్న లిన్‌వుడ్ అనే ఊళ్లో. హిల్‌మన్ ఇంప్ అనే చిన్న కారు తయారైన ఫ్యాక్టరీ ఆ ఊరికి అన్నం పెట్టింది. 1981లో ఆ ఫ్యాక్టరీ మూతపడి వేలమంది ఉద్యోగాలు పోయాయి. అప్పటికి ఆయన పదకొండేళ్ల పిల్లవాడు. పక్కనే ఉన్న పెయిస్లీ పట్టణంలోని సెయింట్ మిరెన్ క్లబ్బులో చేరాడు. 1987 మే నెలలో, ఇంకా పద్దెనిమిది నిండకుండానే, హ్యాంప్‌డెన్ పార్కులో స్కాటిష్ కప్ ఫైనల్ ఆడాడు. అదనపు సమయంలో ఇయాన్ ఫెర్గుసన్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో సెయింట్ మిరెన్ డండీ యునైటెడ్‌ను ఓడించింది. పదిహేడేళ్లకే కప్పు చేతికొస్తే తర్వాత అంతా నున్నటి దారే అనుకుంటాం. అలా జరగలేదు. 1992లో సెయింట్ మిరెన్ కింది డివిజన్‌కు పడిపోయింది. 1993లో లాంబర్ట్ మదర్‌వెల్‌కు మారాడు.

మదర్‌వెల్ చిన్న క్లబ్బే కానీ ఆ రోజుల్లో గట్టి జట్టు. 1994–95లో అలెక్స్ మెక్‌లీష్ మేనేజర్‌గా లీగ్‌లో రేంజర్స్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. అదే సీజన్‌లో ఐరోపా క్లబ్బులు ఆడే యూఈఎఫ్ఏ కప్పులో డార్ట్‌మండ్‌తో తలపడి, రెండు మ్యాచ్‌లూ కలిపి 3–0తో ఓడింది. అంటే లాంబర్ట్ ఆ జర్మన్ జట్టు ఎదుట అంతకుముందే నిలబడ్డాడు, దాని బలం ఎంతో స్వయంగా చూశాడు.

ఇక మీ ప్రశ్నలోని డబ్బు సంగతి. బెల్జియంలో జాన్ మార్క్ బోస్మన్ అనే ఆటగాడు ఉండేవాడు. 1990లో లీజ్ క్లబ్బుతో ఆయన ఒప్పందం ముగిసింది. ఫ్రాన్స్‌లోని డన్‌కెర్క్ క్లబ్బుకు వెళ్లాలనుకున్నాడు. ఒప్పందం ముగిసిపోయినా సరే, కొత్త క్లబ్బు తమకు బదిలీ రుసుము కట్టాల్సిందేనని లీజ్ పట్టుబట్టింది. బోస్మన్ కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరు 15న లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఒప్పందం పూర్తయిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లోని మరో దేశపు క్లబ్బుకు రుసుము లేకుండా వెళ్లవచ్చని, యూనియన్ దేశాల ఆటగాళ్ల మీద విదేశీయులన్న పేరుతో సంఖ్యా పరిమితి పెట్టకూడదని తేల్చింది. బోస్మన్‌కు స్వయంగా ఆ తీర్పు వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు, ఆయన ఆట జీవితం అప్పటికే చితికిపోయింది. ఫలితం అనుభవించినవాళ్లంతా ఆయన తర్వాతివాళ్లు. ఈ రోజు కోట్లు సంపాదిస్తున్న ప్రతి ఆటగాడూ ఆయన పేరు తెలుసుకోవాలని నా కోరిక.

1996 వేసవిలో మదర్‌వెల్‌తో లాంబర్ట్ ఒప్పందం ముగిసింది. తీర్పు వచ్చి ఆరు నెలలు. దాన్ని ఎలా వాడుకోవాలో బ్రిటన్‌లో చాలామందికి ఇంకా అర్థం కాలేదు. లాంబర్ట్ మాత్రం పెట్టె సర్దుకుని హాలండ్‌లోని పీఎస్‌వీ ఐంధోవెన్‌కు వెళ్లి, తన ఆట చూడండి అన్నాడు. వాళ్లు తీసుకోలేదు. అక్కడి నుంచి డార్ట్‌మండ్ వెళ్లాడు. ఏ స్థితిలో ఉన్న జట్టు అది? అంతకుముందు రెండేళ్లూ వరసగా జర్మనీ చాంపియన్. కోచ్ ఒట్మార్ హిట్స్‌ఫెల్డ్. జట్టులో మథియాస్ సామర్, ఆండ్రియాస్ మోలర్, యుర్గెన్ కోలర్ లాంటి దిగ్గజాలు. వాళ్ల మధ్య ఇరవై ఏడేళ్లు నిండబోతున్న ఒక స్కాట్లాండ్ మనిషి, చేతిలో ఒప్పందం లేకుండా, కొత్త కుర్రాడిలా పరీక్షకు నిలబడ్డాడు. ఆ వయసులో, కుటుంబం ఉన్న మనిషి, ఉన్న క్లబ్బులోనే ఇంకో మూడేళ్లు అని సంతకం పెట్టడం ఎంతో సులువు. ఆయన అలా చేయకపోవడమే నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. తర్వాత వచ్చిన కప్పు కూడా దాని ముందు రెండోదే.

హిట్స్‌ఫెల్డ్‌కు ఆయన నచ్చాడు. తీసుకున్నాడు.

ప్రశ్న: 1997 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో లాంబర్ట్ ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ జిదాన్‌ను కట్టిపడేశాడని ఎక్కడో చదివాను. నిజమేనా, లేక గెలిచినవాళ్ల గురించి తర్వాత అల్లుకునే కథా? జిదాన్ అంతటివాడిని ఒక్క మనిషి ఆపగలడా?
– ఫుట్‌బాల్ అభిమాని, విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ అనుమానం సరైనదే. జిదాన్‌ను ఏ ఒక్కడూ తొంభై నిమిషాలూ ఆపలేడు. ఆ రాత్రి కూడా జిదాన్ కొట్టిన ఒక బంతి గోలు స్తంభానికి తగిలింది. అది లోపలికి వెళ్లి ఉంటే మనం ఇప్పుడు వేరే కథ చెప్పుకునేవాళ్లం. అయినా లాంబర్ట్ చేసిన పని కల్పన కాదు. ఆ మ్యాచ్ రికార్డింగ్ దొరుకుతుంది. నేను బంతిని వదిలేసి వీళ్లిద్దరినే గమనిస్తూ చూశాను. మీరూ అలా చూడండి.

ముందు సందర్భం. 1997 మే 28, మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం. డార్ట్‌మండ్‌కు ఎదురుగా జిదాన్ ఆడుతున్న ఇటలీ క్లబ్బు యువెంటస్, అంతకుముందు ఏడాది ఈ కప్పు గెలిచిన జట్టు. మార్చెల్లో లిప్పి కోచ్. డెషాంప్, జిదాన్, యుగోవిచ్ మధ్యలో, బోక్సిచ్, వియేరి ముందు, డెల్ పియెరో బెంచి మీద. డెల్ పియెరో లాంటివాడు బెంచి మీద కూర్చున్నాడంటే ఆ జట్టు స్థాయి తెలుస్తుంది. ఎక్కువమంది పందెం యువెంటస్ మీదే. డార్ట్‌మండ్ వైపు కోలర్, మోలర్, రాయటర్, పాలో సౌసా – నలుగురూ అంతకుముందు యువెంటస్‌లో ఆడి వచ్చినవాళ్లే. ఆ క్లబ్బుతో ఎలాంటి పాత లెక్కా లేనివాళ్లలో లాంబర్ట్ ఒకడు.

ఆయనకు అప్పగించిన పని జిదాన్. ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. అది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. జిదాన్ బలం బంతిని కొట్టడంలో కంటే అందుకోవడంలో ఎక్కువ. వీపు మన గోలు వైపు ఉండగా బంతిని అందుకుంటాడు. మొదటి స్పర్శతోనే ఒంటిని తిప్పి మన వైపు మొహం పెడతాడు. అలా తిరిగాడా, ఇక ఆయన ముందు మైదానమంతా తెరుచుకున్నట్టే. వియేరి ఎటు పరుగెత్తుతున్నాడో, బోక్సిచ్ ఎటు వస్తున్నాడో అన్నీ కనిపిస్తాయి. కాబట్టి ఆయన్ను ఆపడమంటే బంతి లాక్కోవడం కాదు, తిరగనివ్వకపోవడం. లాక్కోవాలని కాలు చాచినవాళ్లను ఒక్క మలుపుతో వెనక్కి వదిలేసి పోయేవాడు. అలా మోసపోయిన గొప్ప డిఫెండర్లకు లెక్క లేదు.

లాంబర్ట్ కాలు చాచడు. నేను గమనించింది ఇది. జిదాన్ వైపు బంతి బయల్దేరగానే లాంబర్ట్ ఆయన వీపుకు ఒక చేయి దూరంలోకి వస్తాడు, అక్కడే ఆగుతాడు. మరీ అంటుకుంటే జిదాన్ ఆ ఒత్తిడిని ఆసరాగా చేసుకుని తిరుగుతాడు, మరీ దూరంగా ఉంటే తిరగడానికి చోటు దొరుకుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని లాంబర్ట్ పట్టుకున్నాడు. తిరిగే దారి లేక జిదాన్ చాలాసార్లు బంతిని వెనక్కో పక్కకో ఇచ్చేశాడు. బంతి అటు పోగానే లాంబర్ట్ చూపు బంతి వెంట వెళ్లదు. తల ఒకసారి తిప్పి జిదాన్ ఎక్కడున్నాడో చూసుకుంటాడు, మళ్లీ ఆయనకూ తమ గోలుకూ మధ్యలోకి జరుగుతాడు. టీవీ కెమెరా ఎప్పుడూ బంతి వెంటే ఉంటుంది కాబట్టి ఈ పనిలో సగం తెర అంచున జరుగుతుంది. స్టేడియంలో కూర్చున్నవాళ్లు అదృష్టవంతులు.

ఈ పనంతా ఒక్కడిదే అనడం మాత్రం అన్యాయం. పక్కన పాలో సౌసా ఉన్నాడు. అంతకుముందు ఏడాది ఇదే కప్పును యువెంటస్‌తో గెలిచినవాడు, వాళ్ల కదలికలన్నీ తెలిసినవాడు. వెనక సామర్. జిదాన్ పొరపాటున తిరిగినా సామర్ ముందుకొచ్చి దారి మూస్తాడు. ఆ భరోసా ఉంది కాబట్టే లాంబర్ట్ తొందరపడకుండా ఉండగలిగాడని నా నమ్మకం.

ఇంకో విషయం చాలామంది మర్చిపోతారు. మొదటి గోలు వెనక ఉన్నది కూడా లాంబర్టే. 29వ నిమిషం. మోలర్ కొట్టిన కార్నర్‌ను యువెంటస్ వాళ్లు బయటికి నెట్టారు. బంతి కుడి పక్కన లాంబర్ట్ దగ్గరికి వచ్చింది. దాన్ని అక్కడే ఆపి వెనక్కి ఇచ్చేసి తన కాపలా పనికి తిరిగి పోవచ్చు. ఆయన గోలు ముందుకు లేపాడు. కార్ల్ హైన్జ్ రీడ్లే ఛాతీతో దింపుకుని గోల్‌కీపర్ పెరుజ్జీని దాటించాడు. ఐదు నిమిషాలకు మోలర్ కార్నర్‌కు రీడ్లే తల ఆనించి రెండోది కొట్టాడు. రెండో సగంలో దిగిన డెల్ పియెరో 65వ నిమిషంలో మడమతో ఒక అందమైన గోలు కొట్టాడు. అప్పుడు యువెంటస్ ఊపు చూస్తే 2–2 అయిపోతుందనే అనిపిస్తుంది. 71వ నిమిషంలో హిట్స్‌ఫెల్డ్ ఇరవై ఏళ్ల లార్స్ రికెన్‌ను దింపాడు. దిగిన పదహారు సెకన్లకు, మోలర్ పంపిన బంతిని తన మొదటి స్పర్శతోనే పెరుజ్జీ తల మీదుగా గోల్‌లోకి పంపాడు. 3–1. ప్రపంచమంతా ఆ బంతినే గుర్తుపెట్టుకుంది. పెట్టుకోవాల్సిందే, అలాంటి గోలు మళ్లీ మళ్లీ రాదు.

మరుసటి ఏడాది ప్రపంచకప్ ఫైనల్‌లో బ్రెజిల్ మీద జిదాన్ రెండు గోల్స్ కొట్టాడు. లాంబర్ట్ మ్యూనిక్‌లో ఎవరికి ఎదురు నిలిచాడో కొలుచుకోవడానికి ఆ సంగతి పనికొస్తుంది.

ప్రశ్న: నేను మా కాలేజీ జట్టులో డిఫెన్స్‌కు ముందు ఆడతాను. గోల్స్ కొట్టేవాళ్లకే చప్పట్లు. మా కోచ్ కూడా నన్ను పెద్దగా పట్టించుకోరు. లాంబర్ట్ లాంటివాళ్లను చూసి ఏం నేర్చుకోవచ్చు?
– ఇంటర్ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, చప్పట్ల గురించి నేనేమీ చెప్పలేను. ఆ చోటులో ఆడేవాళ్లకు అవి తక్కువే వస్తాయి, అది బాధగానే ఉంటుంది. ఆట గురించి చెబుతాను.

బంతి నీ దగ్గరికి రాకముందే నీ భుజం మీదుగా వెనక్కి చూడడం అలవాటు చేసుకో. ఒకసారి కాదు, ఊపిరి తీసినంత తరచుగా. వెనక ఎవరున్నారో తెలిస్తే బంతి రాగానే ఏం చేయాలో ముందే నిర్ణయమైపోతుంది. తర్వాత, బంతి దొరికితే దగ్గరున్న సహచరుడికి సరిగ్గా, అతను ఆడే కాలి వైపు ఇవ్వు. లాంబర్ట్ ఇచ్చిన బంతుల్లో చాలావరకు దగ్గరివే. చూడ్డానికి ఏమీ ఉండదు. కానీ అందుకున్నవాడికి మళ్లీ సర్దుకోవాల్సిన పని ఉండదు. మూడోది, నేల మీద జారుతూ బంతి తన్నడాన్ని చివరి మార్గంగా ఉంచుకో. పడిపోయిన మిడ్‌ఫీల్డర్ లేచేలోపు ఎదుటి జట్టు నీ గోలు దగ్గర ఉంటుంది.

ఇంకొకటి, ఇది నీకు ధైర్యం ఇస్తుంది. స్కాట్లాండ్‌లో ఉన్నప్పుడు లాంబర్ట్ అచ్చంగా కాపలా ఆటగాడు కాదు. ముందుకు వెళ్లి ఆడే మిడ్‌ఫీల్డర్. డార్ట్‌మండ్ వెళ్లాక, ఇరవై ఏడేళ్ల వయసులో, ఈ కొత్త పని నేర్చుకున్నాడు. నీకు ఇంకా బోలెడంత కాలం ఉంది. మీ కోచ్‌ను నేరుగా అడుగు: ఈ మ్యాచ్‌లో నేను ఎవరిని చూసుకోవాలి, ఏ దారి మూయాలి? ప్రశ్న అడిగిన ఆటగాడిని కోచ్‌లు గమనిస్తారు.

ప్రశ్న: ఐరోపా చాంపియన్ అయిన ఆరు నెలలకే లాంబర్ట్ డార్ట్‌మండ్ వదిలి గ్లాస్గోలోని సెల్టిక్ క్లబ్బుకు ఎందుకు వచ్చేశాడు? అది వెనకడుగు కాదా?
– గృహిణి, ఇద్దరు ఫుట్‌బాల్ పిచ్చి పిల్లల తల్లి

జవాబు: కుటుంబం కోసం వచ్చాడమ్మా. కప్పుల లెక్కలో చూస్తే వెనకడుగే అనిపిస్తుంది. పరాయి దేశంలో ఇల్లు నడపడం ఎంత కష్టమో తెలిసినవాళ్లెవరూ ఆ నిర్ణయాన్ని తప్పుపట్టరు. 1997 నవంబరులో పర్మాతో ఆడిన చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌తో డార్ట్‌మండ్‌లో ఆయన ఆట ముగిసింది. నిండా ఏడాదిన్నర కూడా లేని ఒక విదేశీ ఆటగాడికి ఆ అభిమానులు ఇచ్చిన వీడ్కోలు, సొంత ఊరి బిడ్డకు ఇచ్చినట్టుగా ఉంది. రుసుము లేకుండా వచ్చిన మనిషికి సెల్టిక్ దాదాపు 20 లక్షల పౌండ్లు చెల్లించింది.

ఆయన వచ్చేసరికి గ్లాస్గోలో ఉన్న వాతావరణం మీ పిల్లలకు చెప్పండి, వాళ్లకు నచ్చుతుంది. 1989 నుంచి 1997 దాకా, అదే నగరంలో సెల్టిక్‌కు ప్రత్యర్థి అయిన రేంజర్స్ వరసగా తొమ్మిదిసార్లు లీగ్ గెలిచింది. అంతకుముందు 1966 నుంచి 1974 దాకా తొమ్మిది గెలిచిన రికార్డు సెల్టిక్‌ది. పదోది కూడా రేంజర్స్ గెలిస్తే ఆ రికార్డు పోతుంది. నగరంలో సగానికి అది గౌరవం ప్రశ్న. సెల్టిక్ కొత్త కోచ్ డచ్చివాడైన విమ్ యాన్సెన్. విచిత్రమేమిటంటే, 1970 యూరోపియన్ కప్ ఫైనల్‌లో సెల్టిక్‌ను ఓడించిన ఫెయెనూర్డ్ జట్టులో ఆయన ఆటగాడు! ఆయన మొదటి రెండు లీగ్ మ్యాచ్‌లూ సెల్టిక్ ఓడిపోయింది.

1998 జనవరి 2న రేంజర్స్‌తో మ్యాచ్ సెల్టిక్ పార్కులో. క్రెయిగ్ బర్లీ ఒక గోలు కొట్టాడు. ఆట ముగియడానికి ఐదు నిమిషాల ముందు పెనాల్టీ గీత బయటి నుంచి లాంబర్ట్ కొట్టిన బంతి వలలో పై మూలకు దూసుకెళ్లింది. గోల్స్ అరుదుగా కొట్టే మనిషి కొట్టిన గోలు అది! 2–0. మే 9న, సీజన్ చివరి రోజు, సెయింట్ జాన్‌స్టన్ మీద హెన్రిక్ లార్సన్, హారల్డ్ బ్రాట్‌బక్ చెరో గోలూ కొట్టారు. సెల్టిక్ చాంపియన్. రేంజర్స్ పదో పట్టం ఆగిపోయింది. ఏడాది వ్యవధిలో ఐరోపా కప్పూ, ఈ లీగ్ పట్టమూ. ఇది వెనకడుగు అని నేను అనలేను.

తర్వాత మార్టిన్ ఓనీల్ మేనేజర్‌గా వచ్చాక 2000–01లో సెల్టిక్ స్కాట్లాండ్‌లోని మూడు ట్రోఫీలూ గెలిచింది. లాంబర్ట్ కెప్టెన్ అయ్యాడు. 2002లో స్కాట్లాండ్ ఫుట్‌బాల్ రచయితలు ఆయన్ను ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎన్నుకున్నారు. 2003 మే 21న సెవియాలో యూఈఎఫ్ఏ కప్ ఫైనల్‌కు జట్టును నడిపించుకుంటూ దిగాడు. ఎదురుగా జోసె మొరీన్యో తయారుచేసిన పోర్టో. లార్సన్ రెండుసార్లు తలతో గోలు కొట్టి జట్టును నిలబెట్టాడు. అయినా అదనపు సమయంలో డెర్లై గోలుతో పోర్టో 3–2తో గెలిచింది. గ్లాస్గో నుంచీ ఇతర చోట్ల నుంచీ సెవియాకు దాదాపు ఎనభై వేలమంది సెల్టిక్ అభిమానులు వెళ్లారు. వాళ్లలో చాలామందికి టిక్కెట్టే లేదు. ఆ మ్యాచ్ నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పోర్టో గొప్ప జట్టే, మరుసటి ఏడాది చాంపియన్స్ లీగ్ గెలిచి నిరూపించుకుంది కూడా. కానీ ఆ రాత్రి లార్సన్ ఆడిన ఆటకు ఓటమి తగదు.

ప్రశ్న: స్కాట్లాండ్ తరఫున ఆయన రికార్డు ఏమిటి?
– ఒక పాఠకుడు

జవాబు: 1995 నుంచి 2003 దాకా 40 మ్యాచ్‌లు. కెప్టెన్‌గానూ ఉన్నాడు. 1998 ప్రపంచకప్ ప్రారంభ మ్యాచ్‌లో బ్రెజిల్‌కు ఎదురు నిలిచిన జట్టులో ఆయన ఉన్నాడు. మ్యాచ్‌కు ముందు స్కాట్లాండ్ ఆటగాళ్లంతా తమ సంప్రదాయ కిల్టులు కట్టుకుని మైదానం చూడటానికి వచ్చారు. సెజార్ సంపాయో ఐదో నిమిషంలోనే గోలు కొట్టాడు. జాన్ కొలిన్స్ పెనాల్టీతో సమం చేశాడు. 73వ నిమిషంలో కఫూ కొట్టిన బంతిని గోల్‌కీపర్ జిమ్ లెయిటన్ అడ్డుకుంటే, అది టామ్ బాయిడ్ ఒంటికి తగిలి సొంత గోల్‌లోకి పోయింది. 2–1. తర్వాత నార్వేతో 1–1, మొరాకో చేతిలో 3–0 ఓటమి, ఇంటికి ప్రయాణం. ఆ తర్వాత స్కాట్లాండ్ పురుషుల జట్టు మళ్లీ ప్రపంచకప్‌కు అర్హత సాధించింది 2025 నవంబరులోనే, 2026 పోటీలకు. డెన్మార్క్‌ను 4–2తో ఓడించిన ఆ మ్యాచ్‌లో మొదటి గోలు మెక్‌టామినేది.

ప్రశ్న: మేనేజర్‌గా లాంబర్ట్ విఫలమయ్యాడంటారు. మీరేమంటారు?
– క్రీడా విలేకరి కావాలనుకుంటున్న ఒక యువకుడు

జవాబు: ఒప్పుకోను. ఇంగ్లండ్ క్లబ్బు ఆస్టన్ విల్లాలో 2012 నుంచి 2015 దాకా కష్టపడ్డాడు, చివరికి తొలగించారు. బ్లాక్‌బర్న్, వుల్వ్స్, స్టోక్, ఇప్స్‌విచ్‌లలో కూడా చెప్పుకోదగ్గ విజయం లేదు. అది నిజం. కానీ అంతకుముందు జరిగినదాన్ని కొట్టిపారేస్తే లెక్క తప్పుతుంది. ఆయన కోచింగ్ చదువు కూడా జర్మనీకే వెళ్లి పూర్తిచేశాడు. 2006–07లో ఇంగ్లండ్ లీగ్‌లలో నాలుగో అంచెలో ఉన్న వైకోంబ్‌ను లీగ్ కప్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లి, మొదటి మ్యాచ్‌లో చెల్సీని 1–1తో నిలువరించాడు.

2009 ఆగస్టు 8న కోల్‌చెస్టర్ మేనేజర్‌గా నార్విచ్ మైదానానికి వెళ్లి నార్విచ్‌ను 7–1తో ఓడించాడు. అది సీజన్ మొదటి మ్యాచ్! మూడో అంచెకు దిగజారి, కోలుకుందామని మైదానం నింపిన నార్విచ్ అభిమానుల కళ్ల ముందే ఏడు గోల్స్. ఆ నెలలోనే నార్విచ్ వాళ్లు తమ మేనేజర్‌ను పంపించి, తమను అలా చితక్కొట్టిన లాంబర్ట్‌నే తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో నార్విచ్ మూడో అంచె విజేత. మరుసటి సీజన్‌లో రెండో అంచెలో రెండో స్థానం, ప్రీమియర్ లీగ్‌లోకి ప్రవేశం. ఆ పై సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో 12వ స్థానం. ఎక్కువగా కింది అంచెల నుంచి వచ్చిన ఆటగాళ్లతోనే ఆయన ఆ మూడేళ్లూ నడిపించాడు. గ్రాంట్ హోల్ట్ మూడో అంచెలోనూ గోల్స్ కొట్టాడు, ప్రీమియర్ లీగ్‌లోనూ కొట్టాడు. మీరు విలేకరి అయ్యాక ఎవరి మీదైనా విఫలం అన్న ముద్ర వేసే ముందు, ఆయనకు ఏ జట్టు అప్పగించారో, ఏ స్థితిలో అప్పగించారో, ఎంత డబ్బు ఇచ్చారో ఒకసారి రాసి చూడండి. నార్విచ్ విషయంలో ఆ మూడూ రాస్తే 12వ స్థానం ఎంత పెద్దదో కాగితం మీదే కనిపిస్తుంది.